భావినగరానికి బాలల ప్రణాళిక

ఉదయం లేవగానే కొళాయి తిప్పుతాం, నీరు వస్తుంది. మీట నొక్కుతాం, దీపం వెలుగుతుంది. వాకిట్లో ఉంచిన చెత్తను ఎవరో బండిలో వేసుకొని పోతారు. స్నానంచేసిన నీరు తూములోనుండి జారిపోయి కంటికి కనబడకుండ పోతుంది. ఈ నీరు ఎక్కడనుండి వచ్చింది? ఎక్కడకు పోతున్నది? దీపానికి కావలసిన విద్యుచ్ఛక్తి ఏ కేంద్రంలో పుట్టింది? బండిలో పోయిన చెత్త ఏమైనది? పట్టణంలో పుట్టి పెరిగినవారిలోకూడ ఈ ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పగలవారు కొద్దిమందే ఉంటారు. పట్టణంలో మనకు కనిపించే భాగంకంటె కనిపించని భాగమే పెద్దది.

ఈ కనిపించని భాగాన్ని పిల్లల కళ్ళకు కట్టించాలని అమెరికాలోని ఇంజనీర్లు 1992లో ఒక పోటీ ప్రారంభించారు. దానిపేరు “ఫ్యూచర్ సిటీ”, అనగా భావినగరం. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు జట్లుగా చేరి, కనీసం నూరేళ్ళ తరువాత ఉండబోయే ఒక నగరాన్ని ఊహించి, దానికి ప్రణాళిక గీసి, నమూనా తయారుచేసి, నిపుణులముందు నిలబడి సమర్థించుకోవాలి. నెగ్గినవారికి బహుమతులు ఉంటాయి. ఊహించి బొమ్మ కట్టడానికి బహుమతి ఎందుకు, అందులో విజ్ఞానశాస్త్రం ఎంత ఉన్నది అని సందేహం కలగవచ్చు. ఆ సందేహం తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోటీ స్వరూపం

అమెరికాలో 1951నుండి ప్రతి సంవత్సరం ఫిబ్రవరి నెలలో “ఇంజనీర్ల వారం” జరుపుకుంటున్నారు. ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ జన్మదినం ఫిబ్రవరి 22. ఆయన యువకుడుగా ఉన్నప్పుడు భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. అందుచేత ఆ తేదీకి దగ్గరగా ఉండే వారాన్ని ఎన్నుకున్నారు. ప్రాంతీయంగా జరిగే పోటీలలో నెగ్గిన జట్లు ఈ వారం ప్రాంతంలో తుదిపోటీకి రాజధానియైన వాషింగ్టన్ నగరంలో కలుసుకోవడం ఆనవాయితీ. పోటీని నడిపే సంస్థ పేరు “డిస్కవర్ ఇ”.

పోటీ ముఖ్యంగా ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు చదివే పిల్లలకోసం ఏర్పడినది. ప్రతి జట్టుకు ఒక ఉపాధ్యాయుడు, ఒక ఇంజనీరు మార్గదర్శులుగా ఉంటారు. ఇంజనీరు పని పిల్లలకు సలహా చెప్పడం. వారి బదులు నగరాన్ని కట్టిపెట్టడం కాదు.

జట్టు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. మొదటిది, పని పంపకం: ఎవరు ఏ పని ఏ తేదీకి ముగించవలెనో ముందే వ్రాసుకోవాలి. రెండవది, సుమారు 1500 పదాల వ్యాసం: తమ నగరంలోని ఒక ప్రధానసమస్యను, దానికి తాము కనిపెట్టిన పరిష్కారాన్ని అందులో వివరించాలి. మూడవది, నగరపు నమూనా. నాలుగవది, న్యాయనిర్ణేతల ఎదుట కొద్ది నిమిషాల ప్రసంగం, ఆపైన వారి ప్రశ్నలకు జవాబులు. వీటితోపాటు చాలకాలం మరొక పనికూడ ఉండేది. అది కంప్యూటరులో నగరం కట్టడం.

కంప్యూటరులో కట్టే నగరానికి “సిమ్ సిటీ” అనే ఆట ఉపయోగపడింది. ఈ ఆటను విల్ రైట్ అనే అమెరికన్ రూపొందించగా 1989లో వెలువడింది. ఇందులో ఆడేవాడు నగరపాలకుడు. ఇళ్ళకు, అంగళ్ళకు, కర్మాగారాలకు స్థలాలు కేటాయించాలి; రోడ్లు వేయాలి; విద్యుత్కేంద్రాలు నెలకొల్పాలి; పన్నులు విధించాలి. పన్ను పెంచితే జనం ఊరు వదలిపోతారు. తగ్గిస్తే బొక్కసం ఖాళీ అవుతుంది. కర్మాగారం పక్కన ఇళ్ళు కడితే పొగకు ఎవరూ ఆ ఇళ్ళలో చేరరు. ఈ ఆట వెనుక జే ఫారెస్టర్ అనే ఆచార్యుని ఆలోచన ఉన్నది. నగరంలో ఒకచోట చేసిన మార్పు మరెక్కడో, ఎంతోకాలానికి, అనుకోని ఫలితం ఇస్తుందని ఆయన 1969లో ప్రచురించిన గ్రంథంలో గణితరీత్యా చూపటానికి ప్రయత్నించాడు. ఆయన లెక్కలతో ఏకీభవించనివారు చాలమంది ఉన్నారు. కాని నగరంలోని భాగాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయన్న మూలసూత్రాన్ని ఎవరూ కాదనలేదు. పిల్లల పోటీకికూడ అదే ప్రాణం.

నూరు డాలర్ల నగరం

నమూనాకు పెట్టే ఖర్చుకు ఒక హద్దు ఉన్నది. చాల సంవత్సరాలుగా ఈ హద్దు 100 డాలర్లు. జట్టు మొత్తంమీద అంతకు మించి ఖర్చుచేయరాదు. అందుచేత నమూనాలో ఎక్కువభాగం పారవేసిన వస్తువులతోనే తయారవుతుంది. అట్టపెట్టెలు, సీసామూతలు, పాడైపోయిన గడియారపు చక్రాలు, పాత కంప్యూటరు పలకలు ఇందుకు పనికివస్తాయి. మందుసీసా నీటితొట్టె అవుతుంది. పాత కంప్యూటరు పలక కర్మాగారాలవాడ అవుతుంది. ఊరికే చూడటానికే కాక కదిలే భాగం ఒకటైనా నమూనాలో ఉండాలని నియమం.

నమూనాకు స్కేలు ఉండాలన్నది మరొక నియమం. మన విద్యార్థులు పటాలలో చూసే స్కేలువంటిదే ఇదికూడ. 1:1000 స్కేలు అంటే నేలమీద 1000 మీటర్లు బల్లమీద 1 మీటరు అవుతుంది. ఈ లెక్కన 30 మీటర్ల ఎత్తు భవనం 3 సెంటీమీటర్లు. 12 మీటర్ల రోడ్డు 12 మిల్లీమీటర్లు. మనిషి ఎత్తు 2 మిల్లీమీటర్లకు మించదు. ఈ లెక్క చేయకుండ కట్టిన నమూనాలో కారు ఇంటికంటె పెద్దదిగా ఉంటుంది. లెక్క చేసిన జట్టుకు మొదటిసారిగా తెలిసే విషయం ఒకటి ఉన్నది: రోడ్లు, వాహనాలు నిలిపే స్థలాలు నగరంలో ఎంత నేలను మింగివేస్తాయో కొలత వేస్తేగాని తెలియదు.

ఖర్చుకు హద్దు పెట్టడంలోనే ఉన్నది అసలు కిటుకు. ధనానికి, నేలకు, నీటికి, కాలానికి హద్దు లేకపోతే ఇంజనీరింగు అవసరమే లేదు. ఉన్నదానితో ఎక్కువమందికి ఎక్కువ మేలు చేయడమే ఆ వృత్తి.

ఏటికొక చిక్కు

ప్రతి సంవత్సరం నిర్వాహకులు ఒక కొత్త చిక్కు ఇస్తారు. 2015–16లో చెత్త, 2016–17లో నలుగురు కలిసే బహిరంగస్థలాలు, 2017–18లో వృద్ధులకు అనుకూలమైన నగరం, 2018–19లో ప్రకృతి విపత్తులకు తట్టుకొనే విద్యుత్ సరఫరా, 2019–20లో పరిశుభ్రమైన నీరు, 2020–21లో చంద్రునిపై నగరం, 2022–23లో వాతావరణ మార్పు, 2024–25లో నీటిపై తేలే నగరం. వీటిలో మూడింటిని తీసుకొని, వాటిలో దాగిఉన్న శాస్త్రవిషయాలు ఎటువంటివో చూద్దాం. ఈ మూడుచోట్ల వేసిన లెక్కలన్నీ ఉన్నతపాఠశాల విద్యార్థి చేయగలిగినవే.

మొదటిది, వృద్ధుల నగరం. వినటానికి సులభంగా ఉన్న ఈ విషయంలో చిక్కు ఎక్కడ ఉన్నదో చూడండి. 18 మీటర్ల వెడల్పుగల రోడ్డును దాటడానికి పాదచారులకు పచ్చదీపం వెలుగుతున్నది. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటే 15 సెకన్లలో అవతలి ఒడ్డు చేరతాడు. దీపం 15 సెకన్లే వెలిగేటట్లు అమర్చితే సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని కర్రపోటుతో నడిచే ముసలమ్మ వేగం సెకనుకు 0.8 మీటరు అనుకోండి. పదిహేను సెకన్లలో ఆమె 12 మీటర్లే నడవగలదు. ఎర్రదీపం వెలిగేసరికి ఇంకా 6 మీటర్ల దూరంలో, రోడ్డు నడుమ, కదలబోతున్న వాహనాల ఎదుట ఉంటుంది. ఆమె పూర్తిగా దాటాలంటే 22.5 సెకన్లు కావాలి. దీపాన్ని అంతసేపు ఉంచితే వాహనాలు ఎక్కువసేపు ఆగాలి. రోడ్డు మధ్య ఒక తిన్నె కడితే ఆమె అక్కడ ఆగి రెండవ విడతలో దాటవచ్చు. అయితే ఆ తిన్నెకు స్థలం కావాలి. రోడ్డునే ఇరుకు చేస్తే దాటడం సులభం; వాహనాలకు ఇబ్బంది. ఇందులో ఏది మేలు? లెక్క దానంతట అదే జవాబు చెప్పదు. ఎవరికోసం నగరం అనేది ముందు తేల్చుకోవాలి. తేల్చుకున్న తరువాత లెక్క దారి చూపుతుంది.

రెండవది, చంద్రునిపై నగరం. అక్కడ దొరికే వనరులలో రెండింటిని ఉపయోగించి జనాన్ని క్షేమంగా, ఆరోగ్యంగా ఉంచాలన్నది పిల్లలకు ఇచ్చిన చిక్కు. చంద్రునిపై గాలి లేదు. రాత్రి మన లెక్కలో దాదాపు 14 రోజులుంటుంది. సూర్యునినుండి, అంతరిక్షంనుండి వచ్చే ప్రమాదకరమైన కిరణాలను అడ్డే పొర లేదు. అందుచేత పైనున్న మన్నునే ఇళ్ళమీద మందంగా కప్పాలని పలువురు శాస్త్రజ్ఞులు సూచించారు. అది ఒక వనరు. రెండవ వనరు నీరు. మన శ్రీహరికోటనుండి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్–1 మోసుకుపోయిన పరికరాల పరిశీలనలవల్ల చంద్రునిపై నీటి జాడలున్నవని 2009లో లోకానికి వెల్లడైనది. ధ్రువాలవద్ద సూర్యరశ్మి ఎన్నడూ పడని గోతులలో మంచు ఉన్నదని తరువాతి పరిశీలనలు బలపరిచాయి.

నీరుంటే ఊపిరి ఉన్నట్లే. విద్యుద్విశ్లేషణవల్ల నీరు ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులుగా విడిపోతుందని విద్యార్థులకు తెలుసు. 9 కిలోగ్రాముల నీటినుండి 8 కిలోగ్రాముల ఆక్సిజన్, 1 కిలోగ్రాము హైడ్రోజన్ వస్తాయి. ఒక మనిషికి దినానికి సుమారు 0.84 కిలోగ్రాము ఆక్సిజన్ కావాలి. వెయ్యిమందికి 840 కిలోగ్రాములు. అందుకు 945 కిలోగ్రాముల నీరు. ఇంతమాత్రమే కదా అనిపించవచ్చు. కాని అంత నీటిని విడగొట్టడానికి, ఏమాత్రం నష్టం లేకుండ చేసినాకూడ, దినానికి 4,000 యూనిట్లకు పైగా విద్యుచ్ఛక్తి కావాలి. పధ్నాలుగు రోజుల రాత్రిలో సౌరఫలకాలు పనిచేయవు. అప్పుడు ఆ శక్తి ఎక్కడనుండి వస్తుంది? పగటిపూట దాచిపెట్టుకోవాలా? లేక ఎక్కువకాలం వెలుతురు ఉండే ధ్రువపు శిఖరాల దగ్గరే నగరం కట్టాలా? మొక్కలు పెంచి, మనుష్యులు విడిచిన కార్బన్ డయాక్సైడునుండి కొంత ఆక్సిజన్ తిరిగి రాబట్టుకోవాలా? ఊపిరి ప్రశ్న శక్తి ప్రశ్నగా మారింది. శక్తి ప్రశ్న స్థలం ప్రశ్నగా మారింది.

మూడవది, నీటిపై తేలే నగరం. ఇక్కడ పనికివచ్చే సూత్రం ఆర్కిమెడీస్ చెప్పినదే: తేలుతున్న వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుగల చతురస్రపు తెప్పను తీసుకోండి. దీని వైశాల్యం 100 చదరపు మీటర్లు. తెప్ప 1 సెంటీమీటరు లోతు దిగితే 1 ఘనపు మీటరు నీటిని తొలగిస్తుంది. మంచినీటిలో దాని బరువు 1000 కిలోగ్రాములు, అనగా ఒక టన్ను. కాబట్టి తెప్పమీద ఒక్కొక్క టన్ను బరువు పెట్టేకొద్దీ అది ఒక్కొక్క సెంటీమీటరు మునుగుతుంది. 60 టన్నుల ఇల్లు కడితే 60 సెంటీమీటర్లు. తెప్ప అంచు నీటిపైన 50 సెంటీమీటర్లే ఉండేటట్లు కట్టినవాడు ఇంటితో సహా మునిగిపోతాడు. లెక్క ఇక్కడితో ఆగదు. పండుగనాడు జనమంతా ఒకవైపు అంచుకు చేరితే తెప్ప ఒరుగుతుంది. ఇళ్ళను ఎత్తుగా కడితే గరిమనాభి పైకి జరిగి తెప్ప సులభంగా బోల్తాపడుతుంది. చుట్టూ నీరున్నా సముద్రమైతే ఆ నీరు త్రాగడానికి పనికిరాదు. మురుగును కింద వదలితే తాము నివసించే నీటినే పాడుచేసుకున్నట్లు.

నీటినుండి నేలవరకు

ఇప్పుడు ఒక సామాన్యమైన నగరాన్ని తీసుకొని ఈ పెనవేతను కొంచెం వివరంగా చూద్దాం. జనసంఖ్య ఒక లక్ష అనుకుందాం. నీటిసరఫరాకు, మురుగుకాలువలకు ఏర్పాటున్న పట్టణాలలో మనిషికి దినానికి 135 లీటర్ల నీరు ఇవ్వాలని మన దేశంలోని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. లక్షమందికి 1 కోటి 35 లక్షల లీటర్లు. ఈ నీటిని 50 మీటర్ల ఎత్తుకు ఎక్కించి తొట్టెలు నింపాలనుకోండి. ద్రవ్యరాశిని గురుత్వత్వరణంతోను, ఎత్తుతోను గుణిస్తే చేయవలసిన పని వస్తుంది. ఆ పని సుమారు 1,840 యూనిట్ల విద్యుచ్ఛక్తికి సమానం. పంపులు తాము తీసుకొన్న శక్తిలో 70 శాతాన్నే నీటికి అందిస్తాయనుకుంటే దినానికి 2,600 యూనిట్లకు పైగా కావాలి.

ఈ శక్తిని సూర్యరశ్మినుండి తీసుకుందామని ఒక విద్యార్థి అంటాడు. బాగానే ఉన్నది. మన ఎండలలో ఒక కిలోవాటు సౌరఫలకం దినానికి 4 యూనిట్లు ఇస్తుందని, అందుకు 10 చదరపు మీటర్ల చోటు కావాలని లెక్కవేస్తే, సుమారు 650 కిలోవాట్ల ఫలకాలు, వాటికి 6,500 చదరపు మీటర్ల చోటు, అనగా ఎకరమున్నర పైచిలుకు, అవసరమవుతుంది. ఇది నీరు తోడడానికి మాత్రమే. ఇళ్ళు, వీధులు, ఆసుపత్రులు ఇంకా మిగిలే ఉన్నవి.

మరి రాత్రి సంగతి? ఇక్కడ ఒక తెలివైన ఉపాయం ఉన్నది. పగలంతా పంపులు నడిపి ఎత్తైన తొట్టెలు నింపితే, రాత్రి విద్యుచ్ఛక్తి లేకున్నా నీరు తనంతటతానే కిందికి పారుతుంది. శక్తిని దాచడానికి వేరే బ్యాటరీ అక్కరలేదు; ఎత్తున ఉన్న నీరే శక్తికి గిడ్డంగి.

వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా మారుతుంది. అంటే దినానికి 1 కోటి 8 లక్షల లీటర్ల మురుగు. దీనిని శుద్ధిచేయడానికి మళ్ళీ శక్తి, స్థలం కావాలి. శుద్ధిచేయకుండ చెరువులోకి వదలితే ఖర్చు మిగిలినట్లు కనిపిస్తుంది. కాని దిగువనున్న ఊరు త్రాగే నీరు అదే చెరువుదైతే, మిగిలిన ఆ ఖర్చు అక్కడి ఆసుపత్రి లెక్కలలో తేలుతుంది. శుద్ధిచేసిన నీటిని తోటలకు, కర్మాగారాలకు వాడితే నదినుండి తోడే నీరు ఆమేరకు తగ్గుతుంది, విద్యుత్తుకూడ తగ్గుతుంది. ఇట్లా ఒక కొస పట్టుకొని లాగితే నగరమంతా కదిలివస్తుంది.

బహుమతి ఎవరికి?

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. ఈ పోటీలో బహుమతి దేనికి ఇస్తారు? అందమైన బొమ్మకు మాత్రం కాదు. నమూనా బాగుంటే మార్కులు ఉంటాయి. కాని వ్యాసానికి, ప్రసంగానికి, ప్రశ్నలకు చెప్పిన జవాబులకుకూడ మార్కులున్నవి. జట్టు పరిష్కారం చెప్పగానే న్యాయనిర్ణేత అడగదగిన ప్రశ్నలు మూడు. దీనివల్ల లాభమేమి? దీనికోసం మీరు వదులుకున్నది ఏమి? ఇది చెడిపోయిన రోజున మీ జనం ఏం చేస్తారు? మొదటి ప్రశ్నకు ప్రతి జట్టూ జవాబు చెబుతుంది. జట్ల తారతమ్యం తెలిసేది రెండవ, మూడవ ప్రశ్నలవద్ద. “మా పరిష్కారంలో లోపమేమీ లేదు” అన్న జట్టుకంటె, “ఈ లోపం మాకు తెలుసు, ఈ కారణంచేత దానికి ఒప్పుకున్నాం” అన్న జట్టు ఇంజనీరింగును ఎక్కువగా గ్రహించినట్లు.

ప్రధాన బహుమతులు కాక ప్రత్యేక బహుమతులు అనేకం ఉన్నవి. వివిధ ఇంజనీరింగు సంఘాలు వీటిని ఇస్తాయి. రవాణా బాగున్న నగరానికి ఒకటి, నీటి ఏర్పాటు బాగున్నదానికి మరొకటి, భాగాలన్నీ చక్కగా పొందుపడినదానికి ఇంకొకటి, ఈ విధంగా. ఒక్కొక్క సంఘం నగరాన్ని ఒక్కొక్క కంటితో చూస్తుంది. ప్రధాన బహుమతి మాత్రం అన్ని కళ్ళతో చూసినా నిలబడిన నగరానికి దక్కుతుంది.

చాల సంవత్సరాలలో ప్రథమ బహుమతి 7,500 డాలర్లు. ఈ సొమ్ము పిల్లల జేబుల్లోకి పోదు. వారి పాఠశాలలో విజ్ఞానశాస్త్రం, సాంకేతికశాస్త్రం, ఇంజనీరింగు, గణితం బోధించే కార్యక్రమానికి చెందుతుంది. పిల్లలను అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ నగరానికి, అక్కడి అంతరిక్ష శిక్షణశిబిరానికి పంపుతారు. నెగ్గిన జట్టు వెళ్ళిపోయినా, ఆ సొమ్ముతో కొన్న పరికరాలు తరువాతి తరగతులవారికి మిగులుతాయి.

ఈ పోటీకి లోపాలు లేకపోలేదు. ఇంజనీరు సలహా అన్ని పాఠశాలలకు సమానంగా దొరకదు. పట్టుదలగల తండ్రులు, తల్లులు నమూనాను తామే కట్టిపెట్టే ప్రమాదం ప్రతిచోటా ఉన్నది. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. పిల్లలు ఖాళీ బల్లమీద నగరం కడతారు. నిజమైన నగరం ఖాళీ నేలమీద లేవదు. అక్కడ ముందే ఇళ్ళున్నవి, పాత వీధులున్నవి, రోడ్డుపక్క బండి పెట్టుకొని బ్రతికేవారున్నారు. వారిని కదిలించకుండ గీత గీయడం సాధ్యం కాదు. ఈ విషయం పిల్లలకు ఉపాధ్యాయుడే చెప్పాలి.

మన దగ్గరి పాఠం

ఒక జవాబుతో రెండు చిక్కులు విడగొట్టడం అనే ఇంజనీరింగు నేర్పుకు మన హైదరాబాదులోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరదలో నగరం దెబ్బతిని, వేలమంది ప్రాణాలు కోల్పోయారు. నిజాం ప్రభుత్వం మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాకోసం పిలిపించింది. నదిగట్లను ఎత్తుచేసి ఊరుకోవచ్చు. ఆయన ఎగువకు చూశాడు. మూసీమీద, దాని ఉపనది ఈసీమీద జలాశయాలు కట్టి వరదనీటిని అక్కడే ఆపాలని సూచించాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయ్యాయి. వరద వచ్చినప్పుడు అవి నీటిని పట్టి ఉంచాయి. వరద లేనప్పుడు నగరానికి త్రాగునీరు ఇచ్చాయి. ప్రమాదమైన నీరే ప్రయోజనమైన నీరుగా మారింది.

అయితే ఆ ప్రణాళికకుకూడ హద్దు ఉన్నది. నగరం పెరిగి ఆ రెండు జలాశయాల నీరు చాలక, తరువాతి కాలంలో మంజీరనుండి, కృష్ణనుండి, గోదావరినుండి నీరు తేవలసి వచ్చింది. నూరేళ్ళ ముందుకు చూడడం ఎంత కష్టమో ఇందువల్ల తెలుస్తుంది. అంతమాత్రాన ముందుచూపు వృథా అనరాదు. ఆ జలాశయాలే లేకపోతే పెరిగిన నగరమే ఉండేదికాదేమో!

తరగతిగదిలో

ఈ పోటీ పద్ధతిని మన పాఠశాలలో అనుసరించడానికి అమెరికా పోనక్కరలేదు. కంప్యూటరుకూడ తప్పనిసరి కాదు. ఉపాధ్యాయులు ఈ విధంగా చేసి చూడవచ్చు.

విద్యార్థులను అయిదారుగురు చొప్పున జట్లుగా చేయండి. నూరేళ్ళ తరువాతి నగరానికి పోయేముందు ఒక వారంపాటు తమ ఊరినే చూడమనండి. ఒక జట్టు కొళాయినీటి దారిని వెనుకకు వెదుక్కుంటూ పోవాలి. రెండవ జట్టు మురుగునీరు చివరకు చేరే చోటు కనిపెట్టాలి. మూడవ జట్టు తమ వీధిలో ఒకరోజు పోగైన చెత్తను తూచి, దానిలో కుళ్ళేది ఎంత, కుళ్ళనిది ఎంత అని విడదీయాలి. నాల్గవ జట్టు పాఠశాల ముందున్న రోడ్డును ఒక ముసలివాడు, ఒక చిన్నబిడ్డ, ఒక యువకుడు దాటడానికి పట్టిన సెకన్లను లెక్కించాలి. రోడ్డు వెడల్పు తాడుతో కొలిస్తే చాలు. వేగం లెక్క పిల్లలే చేస్తారు.

ఆ తరువాత ఒక్క చిక్కును ఎన్నుకొని, నమూనాకు స్కేలు నిర్ణయించి, ఖర్చుకు హద్దు పెట్టండి. థర్మోకోల్ పలకలు కొని తెచ్చే నమూనాలకు మార్కులు తగ్గిస్తామని ముందే చెప్పండి. నమూనా పూర్తి అయిన రోజున పురపాలకసంఘంలో పనిచేసే ఇంజనీరునో, నీళ్ళట్యాంకు దగ్గర పంపు నడిపే ఉద్యోగినో పిలిచి పిల్లలను ప్రశ్నించమనండి. ఊరికి నీరు ఎన్ని గంటలకు వస్తుందో, పంపు చెడిపోతే ఏమవుతుందో వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. పారిశుధ్యపనిలో ఉన్నవారిని పిలిస్తే మరీ మంచిది. తాము గీసిన నగరంలో ఈ పని ఎవరు చేస్తారు, ఏ పరికరంతో చేస్తారు అన్న ప్రశ్న అప్పుడుగాని పిల్లలకు తోచదు.

చివరకు మార్కులు వేసేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. “మీరు దేనిని వదులుకున్నారు?” అన్న ప్రశ్నకు చెప్పిన జవాబుకు నమూనా అందంకంటె ఎక్కువ మార్కులు ఉండాలి. బల్లమీది నగరం నాలుగు నెలలకు దుమ్ముపట్టిపోతుంది. ఆ పిల్లలు పెద్దవారై తమ ఊరిలో చెరువు పూడ్చి ఇళ్ళస్థలాలు వేస్తామని ఎవరైనా అన్నప్పుడు, ఆ నీరు రేపు ఎక్కడకు పోతుందని లేచి అడగగలిగితే, ఆ బహుమతి ఊరికంతటికీ దక్కినట్లే.